కవర్ తీయని మందారం

ఆ మందార మొక్కను నల్ల కవర్‌తో సహా పాతింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

బాపును ఆపరేషన్‌కు హైదరాబాద్ తీసుకుపోయే రోజది. వాకిట్లో ఆటో ఆగి ఉంది. కొడుకు గడప దాటేలోపు మొక్క భూమిలో పడాలని, మొదటి చెంబు నీళ్లు అతని చేత్తోనే పోయించాలని అవ్వ పట్టుబట్టింది. కవర్ చించితే మట్టిగడ్డ అందరి ముందూ చెదిరిపోతుందేమోనని భయపడి, అలాగే గుంతలో దించి మట్టి కప్పేశాను. బాపు నీళ్లు పోశాడు. ఆయన, అమ్మ వెళ్లిపోయాక ఇంట్లో అవ్వా నేనూ మిగిలాం.

వారానికి కింది ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలడం లేదేమోనని రెండు పూటలా పోశాను. వరికి తెచ్చిన యూరియా అవ్వ ఒక గుప్పెడు చల్లింది. పసుపు ఇంకా పైకి పాకింది. రాలిన ఆకులను అవ్వ లేవకముందే ఏరి డైరీలో దాచేదాన్ని. ఒకరోజు ఆమె నాకంటే ముందే లేచింది.

"నా కొడుకు చేతి నీళ్లు తాగిన చెట్టు. గిదే గిట్లయితే నాకు బువ్వెట్ల దిగుతది?"

కంచం నెట్టేసి షుగర్ గోళీ మాత్రం మింగింది. మధ్యాహ్నానికి చేతులు వణికాయి, చీరంతా చెమటతో తడిసింది. చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకుంది కానీ అన్నం ముట్టనంది. గోళీలు దాచేశాను. ఇస్తే ఖాళీ కడుపు, ఇవ్వకపోతే షుగర్. అమ్మకు ఫోన్ చేస్తే బాపుకు తెలుస్తుంది. ఆపరేషన్ ఇంకా కాలేదు.

మర్నాడు అవ్వను చూసుకొమ్మని పక్కింటామెకు చెప్పి హాలియాలోని నర్సరీకి పోయాను. జనం తగ్గేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

"ఏం బిడ్డా, చెట్టు కొంటవా, చెట్టోలె నిలవడతవా?" అన్నాడు నర్సరీ ఆయన.

డైరీ తెరిచి ఆకులు చూపించాను.

"కిందియి పండినయా, మీదియా?"

"కిందియే."

"నీళ్లు ఎన్నిసార్లు పోస్తున్నవు?"

"రెండు పూటలా."

"దానికి దూప గాదు బిడ్డా, మునిగి సస్తాంది. యూరియా గూడ ఏసిన్రా? మంచిగనే చేసిన్రు! కవర్ తీసే పెట్టినవు గదా?"

"తీసిన" అన్నాను.

ఇంటికొచ్చి, అవ్వ కునుకు తీస్తుండగా తవ్వాను. కవర్ చిల్లులు బంకమట్టితో పూడుకుపోయి లోపల నీళ్లు నిలిచాయి. మురుగు వాసన. సగం వేళ్లు నల్లబడి, ముట్టుకుంటే తోలు ఊడొచ్చింది. కవర్ కోసేసి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, అడుగున ఎర్రమట్టి పోసి కాస్త ఎత్తులో నాటాను. కవర్‌ను నా బట్టల కింద దాచాను.

తెల్లారేసరికి మిగిలిన ఆకులూ రాలిపోయాయి. ఉత్త పుల్లలు. నేనే చంపేశాననుకున్నాను. అవ్వ వచ్చి మొక్క ముందు కూచుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఈరోజు కూడా తినకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. ఆమె బొటనవేలి గోరుతో పుల్ల మీద మెల్లగా గీకింది. కళ్లు దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. బెరడు కింద సన్నటి పచ్చగీత.

"పానం ఉన్నదే దీనికి. పో, నాలుగు మెతుకులు ఏసుకరా. దాసిన గోళీలు గూడ తే."