తప్పు దొరకని తోలుపత్రం

జెర్బా దీవి యూదుల పేటలో ఖమూస్ లేఖనాలు రాసే ముసలాయన. మేకతోలు మీద రెల్లుకలంతో దేవుడి వాక్యాలు ఇరవై రెండు వరుసలు రాసిస్తే, జనం దాన్ని చుట్టి, ఇంటికి రక్షగా గుమ్మానికి బిగించుకునేవాళ్ళు. ఒక్క అక్షరం చెడినా పత్రం పనికిరాదు. అందుకే ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, ముందు పత్రం ఊడదీసి ఖమూస్ దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. తలుపు చప్పుడైతే చాలు, ఏ అక్షరం తప్పిందోనని ఆయన బెదిరేవాడు.

ఒక వేసవి పొద్దున వెండిపనివాడి భార్య మైసా వచ్చింది. ఆమె ఆరేళ్ళ కూతురు ఘజాలాకి తొమ్మిది రోజులుగా జ్వరం. నిన్నటి నుంచి ఎడమకాలు కదపడం లేదు.

"చూడండి రబ్బీ, తప్పుంటుంది. నిప్పు ముట్టకూడని సబ్బాతు పూట నేను పొయ్యి ముట్టించి ఉంటానంటోంది మా అత్త. ఒట్టు, ముట్టించలేదు. మరి మీ రాతలోనే ఏదో ఉండాలి."

ఖమూస్ పత్రం అందుకున్నాడు. తప్పుంటే పసిదాని ఉసురు తనకే తగులుతుంది. లేకపోతే ఈ తల్లికేం చెప్పాలి? పత్రాన్ని కిటికీ వెలుగులో పెట్టి ఒక్కో అక్షరమే చూశాడు. మళ్ళీ చూశాడు. మూడోసారీ చూశాడు.

"తప్పు లేదమ్మా."

"మీకు కళ్ళు మసకేమో, సరిగ్గా చూడండి! ఎక్కడో చిన్న గీత అరిగిందనండి, చాలు. కొత్తది రాయించుకుంటాను. పిల్ల లేస్తుంది."

అనేస్తే పోయేది. మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నా భార్య కాన్పులో పోయినప్పుడు మా గుమ్మం పత్రం ఇలాగే చూశాను తల్లీ. తప్పు లేదు. అయినా ఉందని అందరికీ చెప్పి, మంచి పత్రాన్నే చెడినదానిలా మట్టిలో పాతి, కొత్తది రాశాను. వారం తిరక్కుండా పసిగుడ్డూ పోయింది. అది అబద్ధమని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు."

మైసా గోడకు ఆనుకుని కూలబడింది. "నా పిల్ల ఎవరికేం చేసింది? దేవుడికి న్యాయం లేదా?"

"నాకు తెలీదు. లేఖనాల్లో ఒక నీతిమంతుడు పిల్లల్ని పోగొట్టుకుని బూడిదలో కూచున్నాడు. నువ్వేదో పాపం చేసుంటావని స్నేహితులు చుట్టూ చేరి దెప్పారు. చివరికి దేవుడికి కోపమొచ్చింది ఆ స్నేహితుల మీదే. ఆ కష్టం ఎందుకొచ్చిందో మాత్రం ఆ మనిషికి దేవుడు చెప్పలేదు."

"అయితే ఆ మాట మా అత్తకి చెబుదురుగాని, రండి."

ఆ అత్త నోరంటే ఖమూస్‌కీ భయమే. అయినా వెళ్ళాడు. ఆమె వాకిట్లోనే నిలేసింది. "ఏం దొరికింది?"

"ఏమీ దొరకలేదు. నీ కోడలి తప్పూ లేదు."

"అయితే నీ కళ్ళకే పొరలు కమ్మాయి!"

 ఖమూస్ ఆ పత్రాన్నే తిరిగి గుమ్మానికి బిగించి, లోపలికెళ్ళి ఘజాలా చాప పక్కన కూచున్నాడు. సాయంత్రందాకా తడిగుడ్డ మారుస్తూ, పిల్ల ఊపిరి ఆగినట్టనిపించినప్పుడల్లా వంగి వింటూ ఉన్నాడు.

నాలుగో రోజు జ్వరం దిగింది. కాలు మాత్రం రాలేదు. ఖమూస్ రాత అచ్చిరాదని కొందరు వేరే రాతగాణ్ణి వెతుక్కున్నారు.

మరుసటేడు ఘజాలా కర్ర పట్టుకుని ఆయన ఇంటికొచ్చింది. "తాతా, నా కాలెందుకిలా అయింది?"

"తెలీదమ్మా."

"మా నాయనమ్మకి తెలుసట."

"ఆమెకీ తెలీదులే," అని ఖమూస్ జరిగి, పక్కన చోటిచ్చాడు.