మా బావి నీళ్ల పరీక్ష

సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో మాకు నీటి పరీక్షల ల్యాబ్ ఉండేది. అప్పటిదాకా కాలేజీ కుళాయి నీళ్లతోనే చేసేవాళ్లం. ఎవరు చేసినా ఇంచుమించు అవే అంకెలు. సీనియర్ల రికార్డు చూసి రాసేస్తున్నామని మా లెక్చరర్‌కి అనుమానం వచ్చినట్టుంది. సోమవారం వచ్చేటప్పుడు ఎవరింట్లో తాగే నీళ్లు వాళ్లు సీసాలో పట్టుకు రమ్మన్నారు. కాలేజీ ఉన్న టెక్కలిలోనే ఇళ్లున్నవాళ్లు నవ్వుకున్నారు. నేను మాత్రం నవ్వలేదు. మాది పలాస అవతలి కొబ్బరితోటల ఉద్దానం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో కిడ్నీ జబ్బు మాట అప్పుడప్పుడే బయటికి వస్తోంది. నిన్నటిదాకా కొబ్బరి దింపు తీసిన మనిషి అన్నం సహించడం లేదనేవాడు, మొహం ఉబ్బేది, ఇంట్లోవాళ్లు విశాఖపట్నం తీసుకెళ్లేవారు. మా పెద్దనాన్న అలాగే వెళ్లివస్తున్నాడు. కారణం ఏమిటో డాక్టర్లు తేల్చలేదు. ఊళ్లో ఎక్కువమంది నీళ్లనే అనేవారు. నాన్న ఏమీ అనేవాడు కాదు. తోట నుంచి వచ్చి, నడుం నొప్పికి కొట్లో కొన్న మాత్ర వేసుకుని అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. ఆ పాదాలు వాచాయేమోనని నేను వారగా చూసేదాన్ని. చూస్తున్నట్టు ఆయనకు తెలియకుండా చూడటం నాకు బాగా అలవాటైపోయింది.

ఆదివారం బావి దగ్గర సీసా కడుగుతుంటే ఎందుకని అమ్మ అడిగింది. చెప్పాను. అమ్మ చేతిలోని చేద కింద పెట్టేసింది.

“అయితే ఇందులో ఏటున్నాదో తెలిసిపోద్దన్నమాట.”

“కొన్ని తెలుస్తాయమ్మా,” అన్నాను.

ఆ ‘కొన్ని’ ఆమె చెవికెక్కలేదు. మధ్యాహ్నానికి వీధి మొత్తానికీ తెలిసింది. ఒక్కొక్కరే సీసాలతో వచ్చారు. కొందరివి కూల్‌డ్రింకు సీసాలు, ఇంకా ఆ వాసన పోలేదు. వాటిని మళ్లీ కడిగించి, వాళ్ల బావి నీళ్లతోనే తొలిపించి, నిండా పట్టించి, కాగితం అంటించి ఇంటి పేర్లు రాశాను. వెనక వీధి పిన్ని చివర్లో వచ్చింది. చుట్టరికం లేదు గానీ చిన్నప్పటి నుంచీ పిన్నీ అనే పిలుపు. వాళ్లాయనకు జబ్బు బాగా ముదిరింది. టానిక్కు సీసాను వేడినీళ్లతో కడిగి, ఎండబెట్టి మరీ తెచ్చింది.

“పిల్లలకి కూడా ఈ నీలే పోత్తన్నానమ్మా. జాగరతగా సూడు,” అంది.

మర్నాడు పలాసలో బస్సు మారేటప్పుడు ఆ సంచిని ఎవరికీ ఇవ్వలేదు. సీటు దొరికింది గానీ కింద పెట్టకుండా టెక్కలి దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను. మూతలు వదులైతే, పేర్లు తడిసి చెరిగిపోతే, ఒకరివి ఒకరికి మారిపోతే అన్న ఆలోచనే.

ల్యాబ్‌లో మొదట కఠినత్వం చూడాలి. నీళ్లలో రంగు మందు వేస్తే ద్రాక్షరంగు వస్తుంది. పైన గాజు గొట్టంలోంచి ఇంకో ద్రావణం చుక్కచుక్కగా వదులుతూ పోతే, ఒక చుక్క దగ్గర అది నీలంగా తిరుగుతుంది. అక్కడ ఆపాలి. ఎన్నోసార్లు చేసిన పనే. ఆ రోజు సీసా మీది పేరు చూస్తూ ఉండిపోయి, ఆపేలోపే నాలుగు చుక్కలు ఎక్కువ పడిపోయాయి. పారబోసి మళ్లీ మొదలుపెట్టాను. పక్క బెంచీ వాళ్లు ముగించి క్యాంటీన్‌కి వెళ్లిపోయారు.

లెక్చరర్ వచ్చి అన్ని సీసాలెందుకని అడిగారు. చెప్పాను. ఆయన ల్యాబ్ తలుపు తాళాలు అటెండరు దగ్గర తీసుకుని తన దగ్గర పెట్టుకున్నారు. సాయంత్రం దాకా ఇద్దరం చేశాం. కఠినత్వం, క్లోరైడు, ఫ్లోరైడు, కరిగిన లవణాలు. గోడకు అంటించిన పట్టికలో ఏది ఎంతవరకు ఉండొచ్చో రాసి ఉంది. మా ఊరి నీళ్లు అన్నింట్లోనూ ఆ హద్దుకు లోపే ఉన్నాయి. పిన్ని వాళ్లవీ, మావీ, అందరివీ.

సంతోషించాల్సింది. నేను మాత్రం పట్టికను మళ్లీ మొదటినుంచి చదివాను. ఏదో ఒకటి ఎక్కువగా తేలాలని లోపల్లోపల గట్టిగా కోరుకున్నానని అప్పుడు తెలిసింది. తేలితే దానికి ఒక పేరుంటుంది, ఒక వడపోత ఉంటుంది, పరీక్షలో రాసే జవాబు ఉంటుంది. నేను ‘తాగడానికి యోగ్యం’ అని రాయబోతుంటే ఆయన ఆపారు.

“అలా రాయకు. మనం వెతికినవి దొరకలేదు, అంతే. మన దగ్గర ఉన్న సామానుతో వెతకలేనివి చాలా ఉన్నాయి.” తర్వాత, “ఇంట్లోవాళ్లు రక్తం పరీక్ష చేయించుకున్నారా?” అని అడిగారు. లేదన్నాను.

ఇంటికి చేరేసరికి మా అరుగు మీద జనం కూర్చుని ఉన్నారు. బస్సు దిగిన దగ్గర నుంచీ ఎలా చెప్పాలా అని వాక్యాలు కూర్చుకుంటూ వచ్చాను. వాళ్లను చూడగానే అన్నీ పోయాయి. మేం చూసినవాటిలో ఏదీ ఎక్కువ లేదని చెప్పాను. పిన్ని అడిగింది.

“అయితే తాగొచ్చా?”

“నాకు తెల్దు పిన్నీ.”

“మరి ఇంత సదువూ ఏటి సదివినట్టు?”

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నేను తల వంచుకుని, రక్తం పరీక్ష చేయించుకుంటే ముందే తెలుస్తుందట అని మాత్రం అన్నాను. ఎవరి సీసా వాళ్లు తీసుకుని లేచారు. పిన్ని తన టానిక్కు సీసాలో మిగిలిన నీళ్లు మా కొబ్బరి మొక్క మొదట్లో పోసి వెళ్లింది.

నాన్నని ఒప్పించడానికి చాలా రోజులు పట్టింది. పనిలో ఉన్న మనిషికి పరీక్ష ఏమిటనేవాడు. అడిగిన ప్రతిసారీ లేచి తోటకెళ్లిపోయేవాడు. చివరికి అమ్మ అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, తను మాత్రం తినకుండా ఉండిపోయింది. రెండో పూట కూడా అలాగే ఉండేసరికి నాన్న చొక్కా వేసుకున్నాడు.

పలాస ఆసుపత్రిలో రక్తం ఇచ్చి బెంచీ మీద కూర్చున్నాం. పక్కన జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే ఆడవాళ్లు, వాళ్ల చేతులకు జీడి మరకలు. నాన్న వాళ్ల మాటలు వింటున్నట్టు నటించాడు. పేరు పిలిచినప్పుడు లేవలేదు. నేనే వెళ్లి కాగితం తీసుకున్నాను. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ.

డాక్టరు ఆ నొప్పి మాత్రలు మానెయ్యమన్నాడు, బీపీకి మందు రాశాడు, మధ్యమధ్య వచ్చి రక్తం చూపించుకోమన్నాడు. ఇప్పుడే తెలియడం మంచిదైందన్నాడు. బయటికొచ్చాక నాన్న చాలాసేపు ఆటోలను చూస్తూ నిలబడ్డాడు.

“మీ అమ్మకి నాను సెప్తాను. నువ్వు సెప్పకు,” అన్నాడు.

నాన్న పరీక్ష సంగతి ఎలాగో బయటికి వచ్చింది. ఒక ఆదివారం పొద్దున పిన్ని తలదువ్వుకుని, ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. “పలాస ఎల్దామమ్మా,” అంది. వెళ్లాం. ముగ్గురికీ బాగానే ఉంది. పిల్లలు బస్సులో కిటికీ కోసం కొట్టుకుంటుంటే ఆమె వాళ్లను అదిలించకుండా ఏడ్చింది. ఆ తర్వాత సెలవురోజు వచ్చిందంటే ఎవరో ఒకరు నాతో బస్సెక్కేవారు. అందరికీ బాగుండేది కాదు. రిపోర్టు చదివి చెప్పమని నాకే ఇచ్చేవారు. కాగితం విప్పే ముందు నా మొహం ఎలా పెట్టాలో ఎప్పటికీ నేర్చుకోలేకపోయాను.

పెద్దనాన్న నా చివరి సంవత్సరం పరీక్షలకు ముందే పోయాడు. పిన్ని వాళ్లాయన ఆ వానాకాలంలో పోయాడు. నాన్న రక్తంలో ఆ అంకె ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగింది, మధ్యలో చాలాకాలం కదలకుండా ఆగింది. నాకు ఉద్యోగం వచ్చాక కూడా ఆయన రక్తపరీక్ష రోజుకి సెలవు పెట్టి వచ్చేదాన్ని. రిపోర్టు వచ్చేదాకా ఇద్దరం కొబ్బరి దింపు గురించి, ఎవరింట్లోనో ఆవు ఈనడం గురించి మాట్లాడుకునేవాళ్లం. అంకె పెరిగితే ఆయన టీ తాగి బస్సెక్కేవాడు. పెరగకపోతే స్టేషన్ రోడ్డులో ఆగి, అమ్మకు ఇష్టమని వేడి పకోడీలు కట్టించేవాడు.