మోటారుకు అలవాటుపడ్డ చెయ్యి

1984లో వరంగల్‌లోని ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా, అంటే బిగుసుకుపోయిన చేతులకూ కాళ్లకూ మళ్లీ కదలిక తెప్పించే పనిలో ఉన్నాను. సత్తెమ్మ కొత్తవాడలో జంపఖానాలు నేసేది. మోచేయి విరిగి, ఎముక అతికినా చెయ్యి సరిగా చాచలేక నా దగ్గరికి వచ్చింది. పెద్ద జంపఖానా నేయాలంటే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నెలాఖరులోగా రాకపోతే ఆమె చోట ఇంకొకరిని కూర్చోబెడతానని మగ్గం యజమాని చెప్పేశాడట.

అప్పుడే ఇంజనీరింగ్ లెక్చరరైన నా మిత్రుడొకడు రోబో చెయ్యి లాంటి యంత్రం చేసిచ్చాడు. పిడి పట్టుకుని చెయ్యి ముందుకు చాపితే మోటారు దాన్ని కుడికి లాగుతుంది. ఆ రెసిస్టెన్స్‌ను, అంటే ఎదురుబలాన్ని తట్టుకుని బల్ల మీద గీసిన గీత మీదే చాపాలి. దాంతో చేతికి సత్తువ వస్తుందని నా నమ్మకం.

మొదటిరోజు ఆమె చెయ్యి కుడికి కొట్టుకుపోయింది. వారం తిరిగేసరికి గీత దాటలేదు. నేను మురిసిపోయి, పిడి వదిలేసి బల్ల మీది గ్లాసు అందుకోమన్నాను. చెయ్యి ఎడమకు దూసుకెళ్లి గ్లాసును కింద పడేసింది.

"జాగ్రత్తమ్మా!"

"నేనేం జేస్తలేను సారూ, చెయ్యే అటు పోతాంది. మిషిన్ గుంజుతదని ముందుగాల్నే కాసుకుంటాంది."

విన్నానా? లేదు. ఇంకో వారం ఆ యంత్రం ముందే కూర్చోబెట్టాను. మోటారు జోరు పెంచాను కూడా. పిడి వదిలిన ప్రతిసారీ చెయ్యి మరింత ఎడమకు పోయేది. నాకు ఒళ్లు మండిపోయేది. "కాస్త మనసు పెట్టి చెయ్యమ్మా!" అని కసిరాను. మర్నాటి నుంచి ఆమె రావడం మానేసింది.

నాలుగు రోజులు చూసి, నాలుగు చివాట్లు పెట్టి తీసుకొద్దామని కొత్తవాడ వెళ్లాను. సత్తెమ్మ మగ్గం మీద ఉంది. పంజా, అంటే నూలును దగ్గరకు కొట్టి బిగించే ఇనుప దువ్వెన, పడాల్సిన చోటే పడుతోంది. ఎడమ పక్కన కూర్చున్న తోడికోడలు నన్ను చూసి నవ్వింది.

"మొదటి దినం పంజాతోటి నా చేతి ఏళ్ల మీద కొట్టింది సారూ. పొద్దుగూకేటాల్లకు సక్కగైంది."

సత్తెమ్మ పంజా ఆపలేదు. "కోపం జెయ్యకు బిడ్డా. నీ కాడ గీ చెయ్యి నీ మిషిన్ పని నేర్సింది. గీడ కూసున్నంక గీ పని యాదికొచ్చింది."

తిట్టడానికి వెళ్లిన నాకు నా మీదే చిరాకేసింది. సత్తువ ఇస్తున్నాననుకున్నాను గానీ, ఆ చేతికి లేని మోటారుతో పోట్లాడటం నేర్పాను. తర్వాత ఎవరొచ్చినా, వాళ్లు ఏ పనికి తిరిగి వెళ్లాలో కనుక్కుని ఆ పనే చేయించేవాణ్ని. సత్తెమ్మ చెయ్యి మాట వినడం లేదని వారమంతా విసుక్కున్నాను. నిజానికి అది నేను నేర్పింది నేర్పినట్టే చేసింది.