అత్వెల్లి పటేల్ కుక్కకు విషం పెట్టినవారు

2003లో నన్ను మేడ్చల్ పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదాలో ‘అసిస్టెంట్’ ఉంది కానీ, నేను సాయం చేయడానికి పైన ఇంకో సర్జన్ లేడు. గేదెల చూడి పరీక్షలతోనే పొద్దు గూకేది. కుక్కల్ని మా దగ్గరికి తెచ్చేవారు కాదు. భూముల ధరలు పెరిగాక కుక్కల దగ్గరికి మమ్మల్నే పిలిపించసాగారు.

అలా అత్వెల్లి నుంచి సత్తిరెడ్డి పటేల్ జీపు వచ్చింది. వెళ్లేసరికి వాకిట్లో సగం ఊరుంది. మధ్యలో ఆయన ఆల్సేషన్ కుక్క పడి ఉంది. నెత్తురు కక్కింది, విరేచనం తారులా నల్లగా ఉంది, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి.

రోగ నిర్ధారణ మాత్రం నాకంటే ముందే అయిపోయింది. పటేల్‌తో పొలం గెట్టు తగాదా ఉన్న దాయాది యాదిరెడ్డి విషం పెట్టాడట. ఆయన్ను ఇద్దరు చెరో భుజం పట్టి నిలబెట్టారు.

“డాక్టర్ సాబ్, విషమని ఒక్క ముక్క రాసియ్యుండ్రి. ఇగ వీని సంగతి ఠాణాల జూస్త,” అన్నాడు పటేల్.

“నీ కుక్కకు బుక్కెడు బువ్వనే వెట్టలే, విషమేడ వెడ్తనే అన్నా!” అన్నాడు యాదిరెడ్డి.

మా వృత్తిలో సూది తీసేముందు ఏం తిన్నదో అడుగుతాం. అడిగాను. కుక్క ట్రాక్టర్ మీంచి దూకి నాలుగు రోజులుగా కుంటుతోందని పటేల్ భార్య అనసూయమ్మ చెప్పింది. “పటేల్ మోకాళ్ల గోలీనే రోజు పెరుగన్నంల గలిపిన. ఆయనకు మంచిగనే పన్జేస్తాంది గద!”

అక్కడితో ఆగలేదు. పటేల్ ఇంటి కుక్కకు బాగోలేదంటే ఊరంతా పలకరించాలి. ఉత్త చేతులతో రాలేరు, కుక్కకు అరటిపళ్లు పనికిరావు. అందుకని తలా ఓ గోలీ తెచ్చారు. వార్డు మెంబరు జ్వరం గోలీ, ప్లాట్ల బ్రోకరు నడుంనొప్పి గోలీ. పటేల్ చూస్తున్నాడని రూఢి చేసుకున్నాకే మింగించారు.

మనిషి నొప్పి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పెడతాయి, మూత్రపిండాల్ని చెడగొడతాయి. జ్వరం గోలీ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అన్నీ కలిస్తే ప్రాణం మీదికే వస్తుంది.

“విషమే పటేలా,” అన్నాను. యాదిరెడ్డి భుజాల మీద పట్టు బిగిసింది. “కేసు వెట్టుడైతే మొదటి ముద్దాయి అమ్మనే. ఎనుక గీడున్నోళ్లంత. పలకరించనీకి రానోడు గీయనొక్కడే, ఇడిచిపెట్టుండ్రి.”

పశువైద్యంలో అంత త్వరగా పనిచేసిన మందును నేనింతవరకూ చూడలేదు. వాకిలి ఖాళీ అయిపోయింది.

గోలీలన్నీ ఆపించి, కడుపు పుండుకు సూదివేసి, సెలైన్ పెట్టాను. సీసా ఎత్తి పట్టడానికి యాదిరెడ్డి తప్ప ఎవరూ మిగల్లేదు. ఆయనే పట్టుకున్నాడు. పట్టుకుని, కుక్క తల ఒడిలో పెట్టుకున్న పటేల్ కదల్లేడు కాబట్టి గెట్టు ముచ్చట మొదటినుంచి ఎత్తాడు.

కుక్క బతికింది. కడుపు మానాక, రక్తపరీక్షలో మూత్రపిండాలు బాగున్నాయని తేలాక, వడ్ల కాంటా మీద తూచి, ఆ బరువుకు సరిపడా కుక్కల నొప్పి మందు రాశాను. అన్నం తిన్నాకే వేయాలన్నాను, దూకకుండా కట్టేయించాను. కాలు సర్దుకుంది.

కుక్క నొప్పికి కుక్క మందే, దాని బరువుకు తగ్గట్టే, వైద్యుడు చెప్పాకే వేయాలి. ఈ సంగతి పుస్తకాల్లో ముందే చదివాను. అత్వెల్లిలో కొత్తగా తెలిసింది ఒకటే: పెద్దింట్లో కుక్క కుంటితే, మందు మొదలుపెట్టే ముందు పలకరింపులు ఆపించాలి.