సోమవారం పగిలి గురువారం అతికే గోడ

మేం కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కాలంలో, ఒక గోడ నిలుస్తుందా పడుతుందా అని తేల్చడానికి ఇప్పటిలా మిషన్లు ఉండేవి కావు. గోడనే అడిగేవాళ్ళం. బీటకు అడ్డంగా వేలెడు వెడల్పున్న గాజు పలక ఒకటి పెట్టి, రెండు చివర్లా సిమెంటుతో అతికించి, పక్కన గోడమీద తేదీ వేసి వచ్చేసేవాళ్ళం. గోడ కదులుతుంటే గాజు పటుక్కున పగులుతుంది. కదలకపోతే అట్లాగే ఉంటుంది. దాన్ని మేం సాక్షి అద్దం అనేవాళ్ళం. మనుషుల్లో సాక్షులను కొనవచ్చు గాని అద్దాన్ని ఎవరు కొంటారు అన్నది మా పెద్దసారు నమ్మకం. (ఆ నమ్మకం ఎక్కడ చెడిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.)

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా ఇల్లు. నేను సర్కారు భవనాలు చూసుకునే ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి మూడు నెలలైంది. బడి రోజుల నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది నాకు. ఉదయం ఎన్నింటికి లేచానో, ఏం కూర తిన్నానో, సైకిల్ చైన్ ఎన్నిసార్లు ఊడిందో అన్నీ రాసేవాణ్ణి. తుమ్ములకు విడిగా ఒక గడి ఉండేది. ఈ సంగతి పెద్దసారు చెవిన పడి, "నీ అసుంటోడే కావాలె నాకు" అని నన్ను రాంగోపాల్‌పేట్ గల్లీలోని ఒక ప్రాథమిక పాఠశాలకు పంపించారు. తుమ్ములు లెక్కపెట్టేవాడు గోడను వదిలిపెడతాడా అని ఆయన ఆలోచన కాబోలు.

ఆ బడి రాతి గోడలతో, కర్ర దూలాల మిద్దెతో కట్టింది. ఐదో తరగతి గదిలో కిటికీ పైనుంచి కప్పుదాకా ఒక బీట పాకింది. దాన్ని మరమ్మతు చేసి బడిని నిలపాలా, లేక కూల్చి కొత్తది కట్టాలా అన్నది ప్రశ్న. నెల రోజులపాటు ప్రతి సోమ, గురువారాలు నేను వెళ్ళి అద్దం చూసి రాయాలి. పగిలితే కూల్చడం, నిలిస్తే మరమ్మతు. అంతే. కూలిస్తే మాత్రం కొత్తది లేచేదాకా పిల్లలందరినీ తాత్కాలికంగా కార్ఖానా బస్తీ వైపు ఇంకో బడికి పంపాలి.

ఆ 'తాత్కాలికంగా' అన్న మాట దగ్గరే హెడ్మిస్ట్రెస్‌గారికి గుండె దడ. ఆమెను అందరూ పెద్ద టీచరమ్మ అనేవారు. గుంటూరు వైపు మనిషి, నీరుకావి చీర, చంకలో హాజరు పట్టీ, ఏ మాటకైనా ముందు ఒక 'ప్రభువా'. మొదటి రోజే నాకు టీ ఇచ్చి చెప్పింది. "చూడు బాబూ, నేను ఈ బడికి తాత్కాలికంగానే వచ్చాను. ఇరవై రెండేళ్ళయింది. ఈ గల్లీ పిల్లలు ఆరేళ్ళ వాళ్ళు. రోడ్లు దాటుకుంటూ కార్ఖానా దాకా ఎవరు నడుస్తారు? సగం మంది మానేస్తారు. తర్వాత 'పిల్లల్లేరు, బడెందుకు' అంటారు మీవాళ్ళే. నీ అద్దం పగలకుండా నేను ప్రార్థన చేసుకుంటాను."

ఆమె వెనకే నిలబడి విన్న గంట తాత నన్ను గేటు దాకా సాగనంపే నెపంతో తన మాట తను చెప్పాడు. ఆయన బడి అటెండరు. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కమ్మీతో కొట్టి గంటలు మోగించేవాడు కాబట్టి ఆ పేరు. "అమ్మకేం ఎరుక సారూ. వాన షురూ అయిందంటే ఆరు బకెట్లు పెట్టాలె నేను. బకెట్లు పారబోస్తుంటే గంట టైము దాటుతది, గంట కొట్టవోతే బకెట్ నిండుతది. పరేషాన్ అయితున్న. జెర కొత్త బిల్డింగు రానీయుండ్రి. గా అద్దం జల్ది పలుగుతదా?"

"అది నా చేతుల లేదు తాతా, గోడ ఇష్టం" అన్నాను, చాలా పెద్దమనిషిలా.

మొదటి గురువారం అద్దం భేషుగ్గా ఉంది. సోమవారం వెళ్ళేసరికి నిలువునా రెండు ముక్కలు. పెద్ద టీచరమ్మ నా ముఖంలోకే చూస్తోంది. "పగిలిందండీ" అన్నాను. "ప్రభువా" అని కుర్చీలో కూలబడింది. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, లోపల సంబరంగా ఉంది. నా మొదటి గోడ, మొదటి నెలలోనే కదిలింది! నిబంధన ప్రకారం పగిలిన అద్దాన్ని ముట్టుకోకూడదు. రాసుకుని వచ్చేశాను.

గురువారం వెళితే అద్దం ఒక్కటిగా ఉంది.

చేత్తో తుడిచి చూశాను. కళ్ళద్దాలు తీసి చూశాను, పెట్టుకుని చూశాను. పక్కన నేను వేసిన తేదీ అట్లాగే ఉంది. పెద్ద టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎలా ఉంది బాబూ?" అంది. "బాగైంది మేడమ్" అన్నాను, ఆసుపత్రిలో పేషెంటు గురించి చెప్పినట్టు. తరువాతి సోమవారం మళ్ళీ పగిలింది. గురువారం మళ్ళీ అతికింది. నెలంతా అదే వరుస. ఇంకొకడైతే ఇందులో ఏదో ఉందని అనుమానించేవాడు. నేను గ్రాఫు గీశాను.

ఆ గ్రాఫు ముందు పెట్టుకుని మూడు రోజులు ఆలోచించాను. సోమవారం అంటే ఆదివారం మర్నాడు. ఆదివారం బడికి సెలవు. అంటే పిల్లలు లేని రోజున గోడ విచ్చుకుంటోంది, పిల్లలు వచ్చాక మెల్లగా మూసుకుంటోంది. నలభై మంది పిల్లల ఊపిరి వేడి గోడకు తగలడమే కారణమని తేల్చాను. నాలుగు పేజీల నివేదిక శుభ్రంగా రాసి, కింద సిఫారసు చేర్చాను: 'గోడ ఆరోగ్యం దృష్ట్యా ఇకపై ఆదివారాలు, పండుగ సెలవులు రద్దు చేసి బడి నడపవలెను.' (ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. మా మనవలకు చూపించను.)

పెద్దసారు ఆ నివేదికను రెండుసార్లు చదివారు. "ఏందయ్యా గిది? సోమవారం జ్వరం, గురువారం దిగుడు. గోడకు మలేరియా గిట్ల వచ్చిందా?" అని జీపు తీయించి, "డైరీ సుత పట్టుకో" అన్నారు.

బడి ఆఫీసు గదిలో కూర్చుని ఆయన నా డైరీ తిరగేశారు. పెద్ద టీచరమ్మ ఒక పక్క, గంట తాత ఒక పక్క, మధ్యలో నేను. ఆయన గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

"గురువారం. ఉదయం ఉప్మా. తుమ్ములు రెండు. సాక్షి అద్దం ఒక్కటిగా ఉంది. అద్దం చుట్టూ చీమలు. ఆఫీసు గదిలో నాయకుల పటాలు ఏడు, అందులో ఒకదానికి అద్దం లేదు." పేజీ తిప్పారు. "మళ్ళ గురువారం. తుమ్ములు లేవు. అద్దం ఒక్కటిగా ఉంది. చీమలు ఎక్కువైనవి. అద్దం లేని పటాలు రెండు." ఇంకో పేజీ. "సోమవారం. అద్దం పగిలింది. గంట కొట్టే కమ్మీ కొనకు సిమెంటు మరక. చైన్ ఊడింది."

తల ఎత్తి గోడమీది పటాల వరుస చూశారు. నలుగురు నాయకులు అద్దాల్లేకుండా దుమ్ము పట్టి ఉన్నారు. లేచి ఐదో తరగతి గదిలోకి వెళ్ళి, సాక్షి అద్దం చివర గోటితో గీరి, వాసన చూశారు. "మైదా" అన్నారు. చార్టులు అతికించడానికి బడిలో ఉడకబెట్టే మైదా జిగురు అది. చీమలకు ముందే తెలుసు.

"నేను అబద్ధం చెప్పలేదండీ" అంది పెద్ద టీచరమ్మ, కళ్ళనిండా నీళ్ళతో. "అతికించానంతే. ఇతను సోమవారం వెళ్ళగానే పటం అద్దం కోసి అతికించేదాన్ని. గోడ నిజంగా కదులుతోందేమోనని భయం, పిల్లల్ని తరిమేస్తారేమోనని ఇంకో భయం. ఆ గది పిల్లల్ని నాలుగు వారాలుగా వరండాలోనే కూర్చోబెడుతున్నాను. నాకు నిద్ర లేదు."

(పిల్లలు వరండాలో కూర్చుంటున్నారని కూడా నా డైరీలో ఉంది. గాలి కోసమని కారణం రాసుకున్నాను. ఊపిరి వేడి సిద్ధాంతం కట్టేటప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు.)

గంట తాత నోరు తెరిచాడు. "అమ్మా! అతికిచ్చేది మీరా! నేను ఈ సారు కొత్తది పెడుతుండనుకున్న. మస్తు పనోడున్నడు, వదుల్తలేడు అని శనివారం శనివారం..." అక్కడ నాలిక కరుచుకున్నాడు.

"శనివారం ఏం చేసినవ్?" అన్నారు పెద్దసారు.

"బడి వదిలినంక కమ్మీ జెర తాకింది సారూ."

"నాలుగు శనివారాలు తాకిందా?"

"గోడ పాతది గద సారూ, కమ్మీ కనవడితే గుంజుకుంటది."

"ఓరి నీ గంట మోగ!" అంది పెద్ద టీచరమ్మ. ఇరవై రెండేళ్ళలో ఆమె నోట అంతకన్నా పెద్ద తిట్టు ఎవరూ వినలేదట. "గోడ కూలుతోందని నేను ఉపవాసాలుంటుంటే, కొట్టేది నువ్వా!"

పెద్దసారు నా వైపు తిరిగారు. కోప్పడతారేమో అనుకున్నాను. డైరీ మూసి నా చేతిలో పెట్టి, చాలా నెమ్మదిగా అన్నారు. "అన్నీ రాసినవ్ గదయ్యా. ఒక్కసారన్న చదివినవా?"

అక్కడికక్కడే ఆయన తన చేత్తోనే కొత్త అద్దం పెట్టి, మైదాతో కాదు, సిమెంటుతో అతికించారు. తాత కమ్మీని గొలుసుతో పట్టా ముక్కకే కట్టేయించారు. ఒక వానకాలమంతా చూశాం. అద్దం చెక్కుచెదరలేదు. అది ఎప్పుడో పుట్టి ఎప్పుడో ఆగిపోయిన బీట. బడి నిలిచింది. తాత కోసం మిద్దె మొత్తం విప్పి కొత్త కప్పు వేయించారు. మొదటి వానకు ఆయన బకెట్లన్నీ బోర్లించి, వాటి మీద కూర్చుని గంట కొట్టాడు. పెద్ద టీచరమ్మ నాయకులకు కొత్త అద్దాలు వేయించి, మిగిలిన మైదాను చీమలకే వదిలేసింది.

ఇదంతా నలభై ఏళ్ళ పైమాట. మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఆ బడిని చూస్తున్న ఇప్పటి ఇంజనీరు. మళ్ళీ అదే ప్రశ్న వచ్చిందట, మరమ్మతా, కూల్చడమా అని. పాత ఫైల్లో నా సంతకం చూసి నంబరు పట్టుకుంది. "సార్, ఆ అద్దం ఇప్పటికీ పగలకుండా ఉంటే అంతకంటే పెద్ద ప్రూఫ్ ఉండదు. కమిటీ ముందు మరమ్మతుకే అడుగుత. వచ్చి జెర ఎక్కడుందో చూపిస్తరా?" అంది.

వెళ్ళాను. ఆమె బయట కాంట్రాక్టరుతో మాట్లాడుతోంది. నేను ఒక్కణ్ణే ఐదో తరగతి గదిలోకి వెళ్ళి, పదిపదిహేను పొరల సున్నం, పెయింటు కింద చేత్తో తడిమితే ఉబ్బుగా తగిలింది. ఇంటి తాళంచెవితో గీరాను. గాజు తళుక్కుమంది. చెక్కుచెదరలేదు! సంతోషం పట్టలేక ఇంకొంచెం గీరాను.

పటుక్కుమంది.

అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. వయసు డెబ్బైకి దగ్గర పడింది, పెన్షన్ వస్తోంది, పళ్ళు సగం పోయాయి, అయినా బడిపిల్లాడిలా తాళంచెవి జేబులో దాచేశాను. "నడుము పట్టేసిందమ్మా, రేపు చూపిస్తా" అని ఆ అమ్మాయికి చెప్పి ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. రాగానే హాల్లో మేకుకు వేలాడుతున్న నా రిటైర్‌మెంట్ సన్మానం ఫోటో దింపి, దాని అద్దాన్ని స్కేలుతో కొలవడం మొదలుపెట్టాను.

"ఏం కొలుస్తున్నరు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఏం లేదు. ఇంట్ల మైదా ఉందా?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకు వినబడింది. ఇన్నేళ్ళుగా నేను తలుచుకుని నవ్వుకున్న పెద్ద టీచరమ్మ నా పక్కనే నిలబడి 'అతికించానంతే' అంటున్నట్టనిపించింది. ఫోటో పక్కన పెట్టి డైరీ తీశాను. 'సాక్షి అద్దం పగిలింది. కారణం: నేను. తుమ్ములు ఒకటి' అని రాశాను. ఈసారి రాసింది చదివాను కూడా. రెండుసార్లు. తరువాత ఫోటోను మళ్ళీ మేకుకు తగిలించి, ఆ అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

చాలాసేపు నవ్వింది. "ఫికర్ చేయకుండ్రి సార్. కొత్త అద్దం పెడదాం, ఒక వానకాలం చూద్దాం. అప్పటిదాక కమిటీని నేను ఆపుత" అంది. నేను ప్రతి సోమ, గురువారాలు వచ్చి రాసిపెడతానని ఉత్సాహంగా చెప్పాను.

"వద్దు సార్" అంది. "మీరు మాత్రం ఆ గోడ దిక్కు రాకుండ్రి."