ఎదుటి బల్ల అరబా

అరబా ఎస్సుమన్ తెలివైన పిల్ల. ఆ తెలివి ఆమెకి మేలు చేసిందని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

అనొమాబోలో వాళ్ళమ్మ చేపలు పొగబెట్టి అమ్మేది. పడవలు ఒడ్డుకి రాగానే గంప పట్టుకుని పరిగెత్తడం, మట్టి పొయ్యిల మీద చేపలు పేర్చడం, ఆ పొగకి కళ్ళు ఎర్రగా చేసుకోవడం, మా ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ బతుకు అదే. అరబా ఆ పొగలోనే కూర్చుని చదివింది. పరీక్షల్లో అందరికన్నా ముందు నిలబడి, కేప్ కోస్ట్ ఊళ్ళో కొండ మీది బడిలో చేరింది. నాదీ ఆ ఊరే, ఆ బడే, ఆ ఏడాదే. నేను ఎలా చేరానో మా మేనమామని అడగాలి.

మొదటి ఏడాది ఆమె అందరిలాంటిదే. ఆడపిల్లల హాస్టల్లో మాన్సా అనే పిల్ల పక్క మంచం. మాన్సా నోరు పెద్దది, మనసు మంచిది. మా బడిలో సాయంత్రాలు ఎవరి కొయ్యపెట్టె వాళ్ళు తాళం తీస్తారు. ఒకరు గరీ, అంటే వేయించిన కర్రపెండలం పిండి, తీస్తారు, ఒకరు చక్కెర, ఒకరు వేరుశనగపప్పు, ఇంకొకరు పాలడబ్బా. అన్నీ ఒకే గిన్నెలో పోసి, నీళ్ళు పట్టి, చుట్టూ కూర్చుని తలో చెంచా వేస్తారు. ఎవరి పెట్టెలోనూ అన్నీ ఉండవు. అందుకే ఎవరూ ఒంటరిగా తినరు. అరబా వంతు వాళ్ళమ్మ చేసిచ్చే షిటో, ఎండు రొయ్యలూ మిరపకాయలూ నూనెలో నల్లగా వేయించిన కారం. ఆ సీసా మూత తీస్తే పక్క గదివాళ్ళు కూడా చెంచాలు పట్టుకొచ్చేవాళ్ళు.

రెండో ఏడాది సైన్సు చెప్పే ఎషున్ సార్ ప్రత్యేక తరగతికి పిల్లల్ని ఏరాడు. ఏరడమంటే ఏరడమే. తెలివైనవాళ్ళకి సైన్సు ల్యాబు వెనక ఉండటానికి వేరే గదులు, వేరే పాఠాలు, పొద్దున్నే గుడ్డు. బుధవారం అందరం కొడవళ్ళు పట్టుకుని గడ్డి కోస్తుంటే వాళ్ళకి ఆ పని ఉండదు. ఏటా జరిగే బడుల సైన్సు పోటీకి జట్టు ఆ తరగతి నుంచే పోతుంది. మా బడికి ఆ పోటీ పండగా జాతరా పెళ్ళీ అన్నీ.

పోటీలో ఒక్కో బడికి ఒక బల్ల, ఇద్దరు పిల్లలు, జవాబు తెలిస్తే కొట్టడానికి ఒక గంట. ఎషున్ సార్ ఆ ఏడు ముగ్గుర్ని తీసుకున్నాడు. ఎకో బైడూ, జోజో, అరబా. ముగ్గురిలో అరబాదే పైచేయి. ఆ సంగతి ఎకోకీ తెలుసు, అందుకే ఎక్కువగా అరిచేవాడు.

"సార్, నేనే బల్ల దగ్గర కూర్చుంటాను కదా?" అని అడిగింది అరబా మొదటిరోజు.

"కూర్చుంటావమ్మాయ్. ఎదుటి బల్ల దగ్గర."

ఆయన పద్ధతి అది. సాధనలో ఎవరో ఒకరు శత్రువు కావాలి. ఆ శత్రువు మనవాళ్ళకన్నా గట్టివాడై ఉండాలి.

"మెతకవాణ్ణి కూర్చోబెడితే వీళ్ళిద్దరికీ కొవ్వెక్కుతుంది. నువ్వు గట్టిదానివి. వీళ్ళని రోజూ ఓడించు. అవతలి బడులవాళ్ళు ఆత్రగాళ్ళు, ప్రశ్న సగంలోనే గంట కొడతారు. నువ్వూ అలాగే కొట్టు. మనవాళ్ళకి నేను ఓపిక నేర్పుకుంటాను."

అలా సభాహాల్లో ఎడంపక్క ఒక బల్ల, దానికి ఒకటే కుర్చీ. కుడిపక్క ఎకో, జోజో, భుజం భుజం రాసుకుంటూ. సాధన చూడటానికి బడి బడంతా వచ్చేది. అసలు పోటీలో గోల ఉంటుంది కాబట్టి గోలకి అలవాటు పడాలని, ఎదుటి బల్లని వెక్కిరించమని సారే చెప్పాడు. చెప్పాలా మాకు! మాన్సానే పాట కట్టింది.

"ఎదుటి బల్ల అరబా, ఏ ఊరు నీది?
మా ఊళ్ళో మంచం లేదు, మీ ఊరికి పో!"

డప్పుకి బాగా కుదిరింది. ఆమె సరైన జవాబు చెప్పినకొద్దీ గట్టిగా పాడేవాళ్ళం. ఆమె తల దించుకుని తర్వాతి ప్రశ్నకి చెయ్యి గంట మీద పెట్టేది. మొదట్లో నవ్వేది కూడా.

పాట హాలు దాటి బయటికొచ్చింది. భోజనాల దగ్గర, చర్చి నుంచి వచ్చే దారిలో, ఆమె కనిపిస్తే చాలు ఎవడో ఒకడు ఎత్తుకునేవాడు. తిట్టాలని కాదు. నాలుకకి అలవాటు.

ఒక ఆదివారం ఆమె షిటో సీసా పట్టుకుని పాత హాస్టలుకి పోయింది. గిన్నె చుట్టూ అందరూ కూర్చుని ఉన్నారు. ఆమె మంచం మీద వేరే పిల్ల దుప్పటి పరిచి ఉంది.

"లేవండే, లేవండే, గుడ్లు తినేవాళ్ళొచ్చారు," అంది మాన్సా.

"జరగవే. కూర్చుంటా."

"కూర్చో. అయితే ఇక్కడ సైన్సేమీ లేదు మరి. పక్క గది చిటా వాళ్ళ అన్న నాకు రాసిన ప్రేమలేఖ సంగతి నడుస్తోంది. నీకు రుచించదు."

అందరూ నవ్వారు. అరబా కూడా నవ్వి కూర్చుంది. గిన్నె ఆమె దాకా వచ్చేసరికి అడుగున నీళ్ళు మిగిలాయి. ప్రేమలేఖ సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. ఆమె ఉంటే మాట సాగలేదు, అంతే. సీసా అక్కడే వదిలేసి వచ్చేసింది. ఆ తర్వాత తన గదిలో గరీ, చక్కెర, పప్పు, పాలు అన్నీ తనే కొనిపెట్టుకుంది. గిన్నె నిండా కలుపుకుని సగం పారబోసేది.

తల్లి చూడటానికి వచ్చినప్పుడు బడి రంగుల గుడ్డ కొని, గౌను కుట్టించుకుని, అదే వేసుకుని దిగింది.

"పోటీకి ఇదే వేసుకొస్తానే. ఏ బల్ల వైపు చూడాలో చెప్పు."

"నేను బల్ల దగ్గర ఉండనమ్మా. జనంలో ఉంటాను."

"అదేంటి? నువ్వే గట్టిదానివని మీ సారు నాతో అన్నాడే!"

"అందుకే."

తల్లి బుర్ర గోక్కుంది. "మంచి చేపలన్నీ సంతకి పంపుతాం. ఇంట్లో మనం విరిగిపోయినవే తింటాం. అలాంటిదేదో అయ్యుంటుంది," అంది.

"ఒక్కసారి మన బల్ల దగ్గర కూర్చుంటే చాలమ్మా. ఒక్కసారి," అంది అరబా. నేను అక్కడే, ఆమె తెచ్చిన మొక్కజొన్న ముద్ద, కెంకే పొట్లం విప్పుతూ విన్నాను. ఆ పిల్ల నోట 'నాకు కావాలి' అనే మాట అంతకు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు.

పోటీ రోజు పొద్దున జోజోకి మలేరియా. దుప్పట్లో వణుకుతూ, "నేనొస్తా సార్, నేనొస్తా," అంటూ బకెట్లో వాంతి చేసుకున్నాడు. ఎషున్ సార్ అరబా వైపు తిరిగాడు.

"జోజో కోటు నీకు సరిపోతుందా చూడమ్మాయ్."

సరిపోలేదు. చేతులు మడిచి వేసుకుంది.

పట్నంలో పెద్ద హాలు. మా డప్పులు, అవతలివాళ్ళ బాకాలు, చెవులు పగిలేంత గోల. పేర్లు పిలిచారు. ఎకో గబగబా వేదికెక్కి కుడిపక్క మా బల్ల దగ్గర నిలబడ్డాడు. అరబా మెట్లెక్కి, తల దించుకుని, తిన్నగా ఎడంపక్కకి నడిచి, అక్కడి కుర్చీ లాగింది.

"అక్కా, మాకు ఇద్దరం చాలు," అన్నాడు అవతలి బడి కుర్రాడు, మైకులో.

హాలంతా పడి పడి నవ్వింది. తల్లి బడి గౌనులో లేచి నిలబడి, "అటు కాదే, నా తల్లీ, ఇటు! ఇటు!" అని చేతులూపింది. అరబా చుట్టూ చూసింది, ఎవరింట్లోనో పొరపాటున దూరిన మనిషిలాగా. వేదిక అడ్డంగా దాటి వచ్చి ఎకో పక్కన కూర్చుంది. ఎకో తన కుర్చీ కొంచెం అటు జరుపుకున్నాడు.

చివరి వంతు దాకా రెండు బడులూ సమానం. పొడుపు ప్రశ్న మిగిలింది. పోటీలో దానికో నియమముంది. సూచనలు ఒక్కొక్కటే చదువుతారు. ముందే చెబితే ఎక్కువ మార్కులు, తప్పు చెబితే ఆ ప్రశ్నలో ఇక నోరెత్తకూడదు. మూడో సూచన దాకా గంట ముట్టుకోవద్దని సార్ మావాళ్ళకి ఏడాదంతా నూరిపోశాడు. అరబాకి నూరిపోసింది వేరే.

"వేడి తగిలితే అందరూ పెరుగుతారు. నేను మాత్రం మొదట కాస్త తగ్గి..." అని మొదటి సూచన ఇంకా చదువుతూనే ఉన్నారు.

గంట మోగింది. మాదే. ఎకో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"పిచ్చిదానా! నువ్వు ఎదుటి బల్ల కాదు ఇప్పుడు!"

మైకు అది కూడా పట్టుకుంది. మా డప్పులు ఆగిపోయాయి. ఎషున్ సార్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"జవాబు?" అంది ప్రశ్నలడిగే ఆమె.

"నీళ్ళు. మంచు కరిగిన నీళ్ళు, బాగా చల్లగా ఉన్నప్పుడు."

"సరైన జవాబు!"

గెలిచాం. మావాళ్ళు కుర్చీలెక్కారు, డప్పులు పైకి లేచాయి. అప్పుడొక చిక్కొచ్చింది. ఎకో మీద పాటలు మా దగ్గర బోలెడున్నాయి. జోజో మీద ఉన్నాయి. అరబా పేరున్న పాట ఒకటే ఉంది. క్షణం సేపు ఎవరికీ ఏం పాడాలో తోచలేదు. మాన్సానే మొదలెట్టింది, కళ్ళనీళ్ళు కారుతుండగా, గొంతు చించుకుని.

"ఎదుటి బల్ల అరబా, ఏ ఊరు నీది?"

బడంతా అందుకుంది. ప్రేమతోనే పాడాం, దేవుడి మీద ఒట్టు. "మా ఊళ్ళో మంచం లేదు" దగ్గరికొచ్చేసరికి ఎప్పటికన్నా గట్టిగా పాడాం. అరబా మా బల్ల దగ్గర నిలబడి విన్నది. మడిచిన కోటు చేతులు ఊడి వేళ్ళ మీదికి దిగితే అలాగే వదిలేసింది. తల్లి ఒక్కతే పాడలేదు. పక్కవాళ్ళని పట్టుకుని, "మంచం లేదంటారేంటి? ఎందుకలా అంటున్నారు?" అని అడుగుతూనే ఉంది.

వారానికి జోజో లేచాడు. మళ్ళీ సాధన. ఎవరూ చెప్పకుండానే అరబా పోయి ఎడంపక్క కూర్చుంది. సార్ ఆమె వైపు చూసి, ప్రశ్నల కాగితం తిప్పాడు. తర్వాతి పోటీలో ఎకో, జోజో మూడో సూచన కోసం ఓపిగ్గా ఆగారు. అవతలివాళ్ళు రెండో సూచనకే చెప్పి మమ్మల్ని ఇంటికి పంపారు. అరబా జనంలో నా ముందు వరసలో ఉంది. మొదటి సూచనకే గంట కొట్టినట్టు ఆమె వేలు మోకాలి మీద పడింది.

మేం బడి వదిలే ముందు కొత్త జట్టు వచ్చింది. కుకువా అనే బక్క పిల్ల, అందరికన్నా గట్టిది, ఎదుటి బల్ల దగ్గర. పాటలో పేరు మార్చారు, అంతే. "ఎదుటి బల్ల కుకువా" అని హాలు ఊగిపోతుంటే ఆ పిల్ల గంట ఆలస్యంగా కొట్టింది. మొదటి ప్రశ్న తప్పింది.

అరబా వెనక వరసలోంచి లేచి, ఒక కుర్చీ ఎత్తి, హాలు మధ్యలోంచి మోసుకుపోయి కుకువా పక్కన వేసుకుంది. పాట తడబడి ఆగింది.

"అరబా, నీకు పరీక్షల్లేవా?" అన్నాడు ఎషున్ సార్.

"ఉన్నాయి సార్."

కూర్చుంది. సార్ తర్వాతి ప్రశ్న చదివాడు. డప్పు మళ్ళీ మొదలైంది గానీ పాటలో ఒక పేరే పడుతుంది, ఇద్దరు కూర్చుంటే సరిగా కుదరలేదు.

అరబా ఆ పిల్ల చెవి దగ్గరికి వంగింది.

"గరీ ఉందా నీ దగ్గర?"

"ఉందక్కా. చక్కెరే లేదు."

"నా దగ్గరుంది," అంది అరబా. "గంట కొట్టు."