తాళం పడ్డ పెళ్ళి కార్డు

మా ఆయన లెక్కలో కంప్యూటరూ ఇస్త్రీపెట్టే ఒకటే. ఒకసారి కొన్నాక అది చచ్చేదాకా పనిచేయాలి. మధ్యలో దానికి మళ్ళీ డబ్బు పెట్టమనేవాడు మోసగాడు. రాంగోపాల్‌పేట్‌లో మాది పెళ్ళి కార్డుల దుకాణం. ముందు గదిలో నమూనా కార్డులు, వెనక గదిలో మూడు కంప్యూటర్లు, దాని వెనక ప్రింటింగ్ మిషన్. కార్డులు అమ్మడం ఆయన పని, కంప్యూటర్ మీద వాటిని తయారుచేయడం నా పని. ఆయనకు నోరు, నాకు చేతులు ఇచ్చాడు దేవుడని మా అత్తగారు అనేవారు. నాకూ నోరుందన్న సంగతి ఆవిడ చివరిదాకా ఒప్పుకోలేదు.

కస్టమర్ల ముందు ఆయన నన్ను 'మేడం' అంటారు, నేను 'మీరు' అంటాను. వాళ్ళు గడప దాటగానే ఆయన 'ఏందే' అంటారు, నేను 'ఏందయ్యా' అంటాను. ఎక్కువగా కంప్యూటర్ల గురించే ఈ మర్యాద చెడేది.

మూడు కంప్యూటర్లకూ కలిపి ఒకటే పాస్‌వర్డ్. వైఫైకీ అదే, మెయిల్‌కీ అదే. పోనీ అదైనా రహస్యమా? కార్డులు ఎంచుకోడానికి ఒక్క పెళ్ళికి పదిమంది వస్తారు. ఇద్దరు ఎంచుతారు, మిగతావాళ్ళు కూర్చుని వైఫై అడుగుతారు. ఆయన బల్ల దగ్గర నుంచే అరిచి చెప్పేవారు. సికింద్రాబాద్‌లో సగం మంది వియ్యంకులకు మా పాస్‌వర్డ్ తెలుసు. ఎదురుగా చాయ్ బండి అతనికీ తెలుసు. అతను మా వైఫై మీదే సీరియళ్ళు చూసేవాడు. బొమ్మ ఆగిపోతే వచ్చి మమ్మల్నే నిలదీసేవాడు. "ఏందన్నా, ఇయ్యాల నెట్టు గింత స్లో ఉన్నది?"

వైరస్ రాకుండా కాపాడే సాఫ్ట్‌వేర్ గడువు ఎప్పుడో అయిపోయింది. రోజూ పొద్దున్నే తెర మూలన ఒక ఎర్ర డబ్బా వచ్చి ఆ సంగతి గుర్తుచేసేది. ఆయన ఒకరోజు సరిగ్గా ఆ మూల మీద వినాయకుడి స్టిక్కర్ అంటించారు. మా దుకాణంలో స్టిక్కర్లకు కరువు లేదు. ఆ తర్వాత ఆయనకు హెచ్చరిక కనపడలేదు, కనపడలేదు కాబట్టి ప్రమాదం లేదు.

ఏటా ముహూర్తాలు అయిపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు నేను పాట మొదలుపెట్టేదాన్ని. సాఫ్ట్‌వేర్ కొందాం, కార్డులన్నీ ఇంకోచోట దాచుకోడానికి ఒక హార్డ్ డిస్క్ కొందాం అని. ఆయన జవాబు ఏనాడూ మారలేదు.

"దొంగోడొచ్చి ఏం ఎత్కపోతడే? వినాయకుని బొమ్మలా? సన్నాయి బొమ్మలా? తీస్కపోనియ్. వాని ఇంట్ల సుత పెండ్లయితది గదా."

ఆయనకు ఇంకో జబ్బు కూడా ఉంది. ఊళ్ళో ఎవరి పెళ్ళి కార్డు కనపడినా చేతిలోకి తీసుకోకుండా ఉండలేరు. వేళ్ళ మధ్య నలిపి కాగితం మందం చూస్తారు, ముక్కుకు ఆనించి రంగు వాసన చూస్తారు, ఆ తర్వాత ఎవరు వేశారో, ఎంతకు వేశారో చెబుతారు. పెళ్ళెవరిదో మాత్రం చదవరు. సరిగ్గా ఈ జబ్బే మా కొంప ముంచింది. ఆషాఢం చివర, శ్రావణ ముహూర్తాల కార్డులన్నీ కంప్యూటర్లలో సిద్ధంగా ఉన్న రోజుల్లో, ఆయన ఫోన్‌కు తెలియని నంబరు నుంచి ఒక ఫైలు వచ్చింది. దాని పేరు 'పెళ్ళి పత్రిక'.

వేరే ఎవరైనా అయితే మనకెందుకులే అని వదిలేస్తారు. ఈయన వదులుతారా? ఫోన్‌లో డిజైన్ సరిగ్గా కనపడదని దాన్ని తెచ్చి కంప్యూటర్లో, పెద్ద తెర మీద తెరిచారు. కార్డు రాలేదు. మళ్ళీ నొక్కారు. నెట్టు స్లో అనుకుని పక్క కంప్యూటర్లో కూడా తెరిచారు. మూడు కంప్యూటర్లూ ఒకదానికొకటి కలిపే ఉంటాయి. మధ్యాహ్నం నేను అన్నం తిని వచ్చేసరికి మూడు తెరలూ నల్లగా ఉన్నాయి, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, డబ్బు పంపితే తాళంచెవి ఇస్తాం, పంపకపోతే వాటిని లోకమంతా పంచిపెడతాం అని దాని సారాంశం.

ఆయన అది చదివి, "గీళ్ళది లేఅవుట్ మంచిగలేదు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పోయిన కార్డుల్లో చాలావాటి గురించి నాకు బెంగ లేదు. నమూనాలు కస్టమర్ల ఫోన్లలో ఉంటాయి, చూసి మళ్ళీ వేసుకోవచ్చు. నా గుండె గుభేల్‌మన్నది ఒక్క కార్డు కోసం. అల్వాల్ నుంచి వచ్చిన ఒక నర్సమ్మాయి పెళ్ళి కార్డది. ఆ పిల్లకు చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి ఇంట్లో మిషన్ కుట్టి చదివించింది. పెళ్ళి కుదిరేసరికి, ఇన్నాళ్ళూ కనపడని పెదనాన్న హాజరై, ఆహ్వానించువారు అన్నచోట తన పేరూ తన భార్య పేరూ ఉండాలన్నాడు. భర్త లేని మనిషి పేరు పైన ఎట్లా వేస్తారని ఆ పెదనాన్న వాదన. తల్లి పేరు కింద శుభాకాంక్షల వరసలో, చిన్న మేనత్త తర్వాత పెట్టమన్నాడు.

ఈ గొడవంతా మా వెనక గదిలోనే జరిగింది. వచ్చిన ప్రతిసారీ తల్లి పైట కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చునేది. చివరికి ఆ పిల్లే తెర మీద వేలు పెట్టి, "ఈడ మా అమ్మ పేరు లేకుంటే ఈ కార్డే వద్దు పెదనాన్నా" అంది. పెదనాన్న చాలాసేపు గింజుకుని, "సరే, ఏస్కోండ్రి" అన్నాడు. నేను వెంటనే తల్లి పేరు పైన, పెదనాన్న పేరు కింద వరసలో పెట్టి భద్రం చేశాను. ఆ నమూనా ఎవరి ఫోన్‌కూ పంపొద్దని, పంపితే గొడవ మళ్ళీ షురూ అవుతుందని, నేరుగా అచ్చువేయమని ఆ పిల్ల నా చెవిలో చెప్పి వెళ్ళింది. అంటే ఆ ఒప్పందం లోకం మొత్తం మీద మా కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు.

"ఏందయ్యా, ఇప్పుడు ఆ పిల్లకు ఏం చెప్పాలి?" అన్నాను. నాకు ఏడుపొచ్చేలా ఉంది.

"పరేషాన్ గాకు. జెర చాయ్ తాగు. బేరం చేద్దాం" అన్నారాయన.

నిజంగానే చేశారు. దొంగ ఒక మెయిల్ అడ్రసు ఇచ్చాడు. ఆయన చెప్పడం, నేను ఫోన్‌లో ఇంగ్లీషులో కొట్టడం.

"ఫస్టు చెప్పిన రేటు ఎవడన్న ఇస్తడా? ఆషాఢం నడుస్తున్నది, గిరాకీ లేదని రాయి. మూడు కంప్యూటర్లు గదా, హోల్‌సేల్ రేటు ఎంతని అడుగు."

రాశాను. దొంగ కుదరదన్నాడు.

"బిల్లు ఇస్తడా అడుగు. ఇప్పుడు తగ్గిస్తే రెగ్యులర్ కస్టమర్లమైతమని సుత రాయి."

"దొంగకు ఎవరన్నా రెగ్యులర్ కస్టమర్ అయితరా?"

"వానికి మనమీద నమ్మకం రావాలె గదనే."

నమ్మకం వచ్చిందో విసుగొచ్చిందో, దొంగ కొంత తగ్గాడు. ఆయన చాయ్ బండి దగ్గరికి వెళ్ళి ఆ శుభవార్త చెప్పి వచ్చారు. ఆ ఊపులో, సరుకు చూడకుండా డబ్బివ్వం, నమూనాకు ఒక ఫైలు తెరిచి పంపమన్నారు. నేను ఆ నర్సమ్మాయి కార్డు పేరు రాసి, దయచేసి ఇదే పంపమని బతిమాలాను. దొంగను సార్ అని కూడా అన్నాను. వాడు తనకు తోచిన ఫైలొకటి తెరిచి పంపాడు. అది ఎప్పుడో విడాకులైపోయిన జంట పెళ్ళి కార్డు.

ఆయన మళ్ళీ సగానికి అడిగారు. "నా టైం వేస్ట్ చేయొద్దు" అని జవాబొచ్చింది. కస్టమర్లతో అందామని మేము ఎన్నేళ్ళుగానో అనుకుంటూ అనలేకపోయిన మాట అది.

ఏ.ఎస్. రావు నగర్ నుంచి కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయిని పిలిపించాం. ఆమె అన్నీ చూసి, డబ్బు కట్టొద్దు, కట్టినా తెరుస్తారన్న నమ్మకం లేదు, పోలీసులకు ఫిర్యాదు పెట్టండి, కంప్యూటర్లు మొత్తం తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టాలి అంది. స్టిక్కర్ కొసను గోటితో లేపి కింద ఎర్ర డబ్బాను చూసి, మళ్ళీ మెల్లగా అంటించేసింది. "బ్యాకప్ యాడున్నది మేడం?" అని అడిగింది. మా ఆయన నా వంక చూశారు, నేనేదో బీరువాలో చీర కింద దాచినట్టు. ఆ చూపుకు నాకొచ్చిన కోపానికి, ఆ పూట ఆయనకు అన్నం దొరకడం మా ఇంటి సంస్కారం.

కబురు దాగదు కదా. నేను నర్సమ్మాయికి ఫోన్ చేసి సంగతి చెప్పాను, ఆమె తల్లికి చెప్పింది, ఎట్లా పాకిందో పాకింది. మర్నాడు దుకాణం తెరవగానే పెదనాన్న ఫోన్ పట్టుకుని దిగాడు. ముఖం కళకళలాడుతోంది. వెనకాలే తల్లి వచ్చి మూల కుర్చీలో కూర్చుంది. కూతురు డ్యూటీలో ఉంది.

"ఫైల్ పోయిందట గదా, ఏం ఫికర్ లేదు. నా తాన ఫైనల్ ఉన్నది" అని ఫోన్ నా ముందు పెట్టాడు. మొట్టమొదటి రోజు నేను పంపిన నమూనా. పైన ఆయన పేరు, ఆయన భార్య పేరు.

"ఇది ఫైనల్ కాదండి. మీరే కదా, ఈ గదిలోనే, సరే అన్నారు" అన్నాను.

"నేను అనలే. అన్నట్టు ఎక్కడన్న ఉన్నదా? చూపియ్యి."

తల్లి తల ఎత్తలేదు. "పోనియ్ మేడం, ఏదైతేంది, పిల్ల పెండ్లి మంచిగయితే చాలు" అంది గొంతులోనే. ఆ మాటతో నాకు తిక్క రేగింది. తాళం వేసిన దొంగ మీద, ఎదురుగా నవ్వుతున్న పెదనాన్న మీద, మా ఆయన మీద, అందరి మీదా కలిపి ఒకేసారి రేగింది.

"చూపించడానికి మా దగ్గర లేదండి. దొంగ దగ్గర ఉంది" అన్నాను.

"అంటే?"

"మీరు సరే అన్న కార్డు ఇప్పుడు వాడి దగ్గరుంది. డబ్బు కట్టకపోతే అన్నీ లోకమంతా పంచిపెడతానని రాశాడు. మేము కట్టట్లేదు. రేపు మీరు ఈ కార్డు పంచుతారు, ఎల్లుండి వాడు ఆ కార్డు పంచుతాడు. చుట్టాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. పెద్దమనిషి ఒకటి ఒప్పుకుని ఇంకోటి అచ్చేయించాడని వాళ్ళే అనుకుంటారు, నేను చెప్పక్కర్లేదు."

పెదనాన్న మా ఆయన వైపు తిరిగాడు. "నిజంగ రాసిండా?"

మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ బెదిరింపే మళ్ళీ రాసిన దొంగ మెయిల్ తీసి ఫోన్ పెదనాన్న చేతిలో పెట్టారు. "సదువుకోండ్రి. మస్తు మొండోడు సార్. నేను బేరమాడిన, నా మాటే ఇనలే."

పెదనాన్న చదివాడు. మళ్ళీ చదివాడు. "నా ఫోన్ నంబర్ సుత పోతదా?"

"అన్ని పోతయ్ సార్" అన్నారు మా ఆయన, చాలా బాధగా.

చాయ్ వచ్చింది. పెదనాన్న దాన్ని చల్లారేదాకా ఊది, "అయితే గదే ఏస్కోండ్రి. కింద వరసల నా పేరు జెర లావు అచ్చరాల పెట్టుండ్రి" అన్నాడు. మా ఆయన అక్కడ కూడా ఊరుకోలేదు, లావు అక్షరాలకు వేరే చార్జీ లేదు లెండి, మీకోసం అన్నారు.

నేను తుడిచేసిన కంప్యూటర్ ముందు కూర్చుని ఆ కార్డు మొత్తం మళ్ళీ తయారుచేశాను. ఈసారి కొన్న సాఫ్ట్‌వేర్ మీద, రెండు చోట్ల దాచుకుంటూ. హార్డ్ డిస్క్ కొనడానికి మా ఆయన నాతోపాటు వచ్చారు. అక్కడా బేరమాడారు, కాకపోతే నేను తీసిన దాన్ని తిరిగి పెట్టించలేదు. కొత్త పాస్‌వర్డ్ ఆయనకు నోరు తిరగదు. చాయ్ బండి అతను మాతో మాట్లాడటం మానేశాడు.

కార్డులు తీసుకోడానికి తల్లి ఒక్కతే వచ్చింది. మా ఆయన కట్ట విప్పి పై కార్డు చేతికిచ్చారు. ఆమె కిటికీ వెలుగులోకి జరిగి, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ చదివింది. తన పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

"మల్ల దీనికి తాళం పడదు గదా సార్?" అని అడిగింది.

మా ఆయన జీవితంలో మొదటిసారి నోటి పని నాకు వదిలి, కట్టకు మళ్ళీ దారం చుట్టసాగారు. "పడదమ్మా, అచ్చయిపోయింది" అని నేనే చెప్పాను.

ఆటో అతను లోపలికొచ్చి కట్ట అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. రెండు చేతులా గుండెకు ఆనించుకుని, మెట్లు దిగి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.